చిల్లర్ ఆపిన రోజు

సుహేల్ చుక్క పొడిచి రెండు నెలలు దాటింది.
మిష్రెఫ్‌లో ఉమ్ బదర్ ఇంటి వెనక
పొద్దున తొమ్మిదైనా గోడనీడ
చెరువు మీంచి లేవడం లేదు.
చెరువంటే మా తట్టు నవ్వుతారు.
పన్నెండడుగుల పొడవు, నడుములోతు,
అడుగున నల్ల రబ్బరు షీటు,
తొమ్మిది జపాను చేపలు.

ముందు చిల్లర్ ఆపాలి.
మే నెల నుంచీ మోగుతున్న మోత,
మీట కిందికి నొక్కగానే
తోట ఒక్కసారిగా పెద్దదైంది.
పిచ్చుకలు, ఎవరో గిన్నె కడిగిన చప్పుడు,
వీధిలో నీళ్ళ లారీ వెనక్కి వస్తున్న కూత,
ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయో.

ఎండాకాలమంతా
నీళ్ళు ఇరవయ్యారు దాటకూడదని ఆమె ఆన.
బయట యాభై.
ఆరుగురుండే మా గదిలో ఏసీ మూడు రోజులు చచ్చిపడితే
తడి తువ్వాళ్ళు కప్పుకుని పడుకున్నాం.
ఆ మూడు రోజులూ పొద్దున్నే వచ్చి
మోచేతుల దాకా చేపల నీళ్ళలో పెట్టి
ఫిల్టరు చూస్తున్నట్టు నటించాను.
అబద్ధమెందుకు, చేపల మీద కుళ్ళు పుట్టింది.

నేను మోటర్ల మనిషిని.
లక్కిరెడ్డిపల్లె చుట్టూ ఏ బోరు ఎన్నడుగులో
నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.
ఆరొందల అడుగులు పైపులు దించి,
మీట వేసి, చెవి ఒగ్గి,
గాలి మాత్రమే వస్తే
రైతు మొహం చూడకుండా
స్పానర్లు సంచిలో వేసుకునేవాణ్ణి.
ఇక్కడ పంపును అడుగు నుంచి
రెండు జానలు పైకెత్తాలి. అంతే.
చలికి అడుగునీళ్ళే కాస్త వెచ్చన,
చేపలు అక్కడే తలదాచుకుంటాయి,
వాటిని కలపకూడదు.
ఇటుక మీద ఇటుక పేర్చి పంపును కూర్చోబెట్టాను.
నీళ్ళను కదిలించకుండా ఉండే మోటరు పని
నాకెవరూ నేర్పలేదు.

ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పెట్టొద్దు.
చెరువు నీళ్ళే బకెట్లో తీసుకుని
పసిబిడ్డ గుడ్డలు పిండినట్టు పిండాలి.
తళతళా కడిగితే పాడు.
ప్రాణమంతా ఆ జిగటలోనే ఉంటుంది.
కొత్తగా వచ్చిన రొకీబ్
మురికి మిగల్చడం కూడా పనేనా అంటాడు, వచ్చీరాని హిందీలో.

యూవీ దీపం విప్పాను, ఇంకా నీలంగానే ఉంది.
తొమ్మిది వేల గంటలు దాటాక
వెలుగుతుంది గానీ పాచిని చంపదు.
ఉమ్ బదర్ నమ్మలేదు.
"వెలుగుతోందిగా, దస్తగీర్?"
నా అరబ్బీ అంతదూరం పోదు.
"వెలుగు ఉంది, పని లేదు, మామా" అన్నాను.
(ఇంటావిడను మామా అనడానికే నాకు ఏడాది పట్టింది.)
ఆమె తన మోకాళ్ళకేసి చూసుకుని నవ్వింది.

ప్లగ్గులకు ప్లాస్టిక్ సంచులు కట్టాను.
ఇక్కడ వాన ఒక్క రాత్రే వస్తుంది,
వస్తే వీధిని మోసుకుపోతుంది.
నీడవల మడిచేసరికి
మడతల్లోంచి గుప్పెడు జూలై రాలింది.

మేత సగం చేయాలి.
జనవరిలో పదికి దిగితే అసలు వేయొద్దు.
ఆకలి లేక కాదు,
తిన్నది కడుపులోనే కుళ్ళుతుంది.
"మరి పైకొచ్చి నోరు తెరిస్తే?"
"చూడొద్దు, మామా."

రాత్రి ఫోన్లో గంగులమ్మ అంది:
"ఎడారికి చలికాలమేంది, చేపలకు చిల్లరేంది?
ఈడ మన బోరు పైపులు ఎత్తనీకి
ఎవురూ రాలేదు ఇంగా."
ఊ కొట్టాను. ఇంకేం కొట్టను.

పది రోజులకు మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను.
థర్మామీటరు నీళ్ళలో ముంచాను: పంతొమ్మిది.
తుడిచి గాలిలో పట్టుకున్నాను,
అదీ పంతొమ్మిదే.
మార్చి దాకా
వాటికీ నాకూ ఒకటే లెక్క.
ఎర్రమచ్చ చేప మెల్లగా పైకొచ్చి నోరు తెరిచింది.
పంతొమ్మిదికి తినొచ్చు.
నాలుగు గింజలు వేశాను.